రబ్బరు పెడళ్ళు

కాకినాడ నుంచి బూట్లు తెచ్చాడు యేసుపాదం కొడుకు,
అడుగున ఇనప నాడాలు.
పెడలు మీద పెడితే టక్కున కరుచుకుంటాయి.
"కాలూ సైకిలూ ఒకటైపోద్ది బాబాయ్,
పిసరంత బలం కూడా వృథా పోదు."

ఆయ్, నిజమే.
లొల్ల లాకుల కాడ ఎక్కితే
గాలి నా చొక్కాలో దూరి నవ్వింది.
మలుపులో బాతులవాడు.
మూడొందల బాతులు.
కాలు దించుదును కదా, కాలు నాది కాదు!
ఆగిన సైకిలు ఆగినట్టే
నన్ను పట్టుకుని గట్టు మీద పడుకుంది.
బాతులు నా చుట్టూ తిరిగి పోయాయి,
ఒకటి మాత్రం ఆగి చూసింది.

నేను లస్కరుని.
మైలుకి నాలుగు తూములు, తూముకో తగువు.
గుర్రపుడెక్క అడ్డం పడితే దిగాలి.
గేజీ రాయి మీద నీటిమట్టం చూడాలంటే దిగాలి.
వంతు నీళ్ళు రాలేదని
మంగాయమ్మ పారతో ఎదురొస్తే
సైకిలు మీంచి మాట్లాడ్డం మర్యాద కాదు,
క్షేమమూ కాదు.

"ఎడమదానికి మర ఎదురు, తెలుసా?"
ప్రతిసారీ చెప్పేదే చెబుతూ
పాతవే బిగించాడు యేసుపాదం.
కుడి దిమ్మ మీద చిన్న గుంట,
పదకొండేళ్ళుగా నా బొటనవేలు తవ్వుకున్నది.
బురద కాలు కూడా అందులో కుదురుకుంటుంది.

వేసవిలో కాలవలు కట్టేస్తారు.
నీళ్ళుండవు, తగువులుండవు,
నన్ను ఆపేవాళ్ళెవరూ ఉండరు.
అయినా తూము కనబడగానే
ఎడమకాలు దానంతటదే
నేల కోసం దిగుతుంది.