నల్లగా పండేది

కెనెమా దాటి కొండెక్కితే
ఒకే ఒక్క చెట్టు.
సన్నాకు కాఫీ. మా తాతలు తాగిందట,
రొబస్టా వచ్చాక నరికి పొయ్యిలో పెట్టిందట.

ఏటా తెల్లగా విరగబూసేది.
ఒక్క పిందె నిలిచేది కాదు.
"సోకెక్కువ, సంసారం తక్కువ" అనేవాడు బొకారీ
కత్తి నూరుకుంటూ.

టియాంగే ఊరుకోలేదు.
తన పుప్పొడి తనకే పనికిరాని జాతి ఇది,
తోడు కావాలంది.
మూడు వాగులు దాటి వెతికింది.
ఒక కోకోతోట కంచెలో
ఎవరో తడిగుడ్డలారేసుకునే కొమ్మగా
దొరికింది రెండోది.
తోటాయనకి దాని పేరు తెలీదు.
బియ్యం సంచి తీసుకుని
రెండు కొమ్మలు నరికిచ్చాడు
నవ్వాపుకుంటూ.

వేరుపట్టించి, ఆ చెట్టు పక్కనే నాటిన ఏడో ఏట
కొండమీద కాయలు!
ఎర్రబడతాయని కాచుక్కూర్చున్నాం.
ఎర్రబడలేదు. ఊదా, ఆపైన కాటుక నలుపు.
కుళ్ళిపోయాయని
బుట్ట బోర్లించబోయాడు బొకారీ.

టియాంగే చెయ్యడ్డం పెట్టింది.
ఒక పండు నోట్లో వేసుకుని, చప్పరించి
గింజలు అరచేతిలోకి ఉమ్మింది.
రెండు.

కెటిల్ పెట్టమంటావా, అన్నాను.
"ఇవి తాగడానిక్కాదు."
మన్ను నింపిన సంచులు అప్పటికే
నీడలో వరసకట్టి ఉన్నాయి.