అర అంగుళం గాడి

సడ్‌బరీలో చలికాలం ఐదు గంటలంటే
తెల్లారడానికి ఇంకా మూడు గంటలుందని అర్థం.
ఊరి రింకు కింద, బాయిలర్ పక్కన, నా కొట్టు:
ఒక సానరాయి, ఒక స్టూలు,
చిల్లర వేసుకునే బిస్కెట్ డబ్బా.
ముప్పై ఏళ్లుగా స్కేట్లకు పదును పెడుతున్నాను.
నా గోళ్ల కింద నల్లగా ఉన్నది మట్టి కాదు, ఇనుప రజను.

అక్టోబరులో ఒరెస్ట్ వచ్చాడు.
అవును, టీవీలో కనిపించే ఒరెస్ట్ డానిల్‌చుకే,
పదకొండేళ్లుగా పెద్ద లీగులో డిఫెన్స్ ఆడుతున్నవాడు,
ముందు పళ్లు మూడు డెట్రాయిట్ మంచు మీద వదిలేసినవాడు.
"లెంపీ, తాళం వేశారు" అన్నాడు,
ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదన్నట్టు.
గంటకింతని తనే అద్దె కట్టి
పిల్లల రింకులో ఒంటరిగా తిరగడానికి వచ్చాడు.
"గాడి ఎంత?" అన్నాను.
"ఎప్పట్లాగే. అర అంగుళం."

సమ్మె అంటే నాకు తెలుసు.
నికెల్ గనిలో మా నాన్న తొమ్మిది నెలలు చేశాడు.
ఆ ఏడు తిన్న బంగాళాదుంపల లెక్క
నా కడుపు ఇంకా మర్చిపోలేదు.
సమ్మెలో చేతులు కట్టుకునేది పనివాడు,
లాకౌట్‌లో తాళంచెవి తిప్పేది యజమాని.
మూసుకునే గేటు మాత్రం ఒక్కటే గనక
బార్లో కూర్చున్నవాళ్లకి తేడా తెలియదు.
"కోట్లవాళ్లకీ కోట్లవాళ్లకీ కొట్లాట" అంటారు.
ప్రాస బాగుంది.
లెక్కే కుదర్లేదు.

ఒరెస్ట్‌కి ముప్పై నాలుగు.
వాళ్ల యజమానికి డెబ్బై ఒకటి,
పరుపుల దుకాణాలు నూట నలభై.
ఆట లేని ఏడు ఆయన పరుపులమ్ముకుంటాడు.
ఇతనేం అమ్ముకోవాలి, మోకాలి చిప్పలా?

అలాగని ఇతన్ని నేను నెత్తిన పెట్టుకోలేదు.
మా తమ్ముడి భార్య ఈవెట్
టొరంటో స్టేడియంలో బీరు కౌంటర్ దగ్గర నిలబడుతుంది.
ఆమెకి ఎవరూ తాళం వెయ్యలేదు.
రమ్మని ఫోను చెయ్యలేదు, అంతే.
ఆ మాట అతనికి చెప్పాను, రాయి తిరుగుతుండగానే.
తలొంచుకుని లేసులు బిగించుకుంటూ
చాలాసేపటికి అడిగాడు: "ఆమె పేరేమిటి?"
చెప్పాను.
ఇంకేం చేస్తాడని నేనూ అనుకోలేదు.

బ్లేడుకి రెండు అంచులుంటాయి, మధ్యలో సన్నటి గాడి.
పదును పెట్టాక ఒక నాణెం అడ్డంగా ఉంచి చూస్తాను.
ఒక పక్కకి వాలిందా, మళ్లీ రాయి మీదకే.
న్యూయార్క్‌లో ఏ హోటల్లోనో వాళ్లు కూర్చున్న బల్ల మీద
ఆ నాణెం వంద రోజులు వాలే ఉంది.
ఎవరూ కిందికి వంగి చూసినట్టు లేదు.

జనవరిలో రేడియో చెప్పింది, కుదిరిందని.
మూడు వందల పేజీలట.
జీతాల పై గీత కిందికి దిగిందట,
ఒక్కో జట్టూ కొంత బరువు దించుకోవాలట.
బరువు అన్నచోట
ఒరెస్ట్ పేరు పెన్సిలుతో రాసి ఉండాలి.

ఫిబ్రవరిలో వచ్చాడు, పగటి పూట.
"ఎటు ఓటేశావ్?"
"కుదరాలనే" అన్నాడు. "ఇరవై ఏళ్ల కుర్రాళ్లకి
పింఛను పేజీ బాగుంది."
నవ్వితే ఆ మూడు పళ్ల సందూ కనిపించింది.
గురువారం రాత్రుళ్లు
ప్లంబర్లతో, బస్సు డ్రైవర్లతో ఆడుతున్నాడట,
ఓడినవాళ్లు బీరు కొనాలట.

స్కేట్లు బల్ల మీద పెట్టాడు.
రాయి స్విచ్ వేశాను.
"అర అంగుళమేగా?"
"వద్దు లెంపీ. ఈసారి గాడి పైపైనే తియ్యి.
ఇప్పుడు నేను
ఎవర్నీ అంత గట్టిగా ఆపనక్కర్లేదు."

డబ్బాలో ఎనిమిది డాలర్లు వేసి
చిల్లర అడగలేదు.
చిల్లర ఏమీ రాదు కూడా.
రేటు ఎనిమిదే.