తోడుకి కాస్త

ఖొరోగ్‌కి నెట్ కూడా లోయ దారినే వస్తుంది,
లారీల వెనక, గొర్రెల వెనక,
రాయి దొర్లితే ఆగి.

నా ల్యాప్‌టాప్‌లో నాలుగు వర్చువల్ మెషీన్లు.
ఒక్క కడుపున పుట్టి
ఒకదాని మొహం ఒకటి చూడనివి.
పొద్దున్నే లేచి నాలుగూ
అదే ప్యాకేజీ, అదే వెర్షన్, అదే నలభై ఆరు ఎంబీ
విడివిడిగా అడుగుతాయి.
నాలుగుసార్లు దిగుతుంది.
నాలుగుసార్లు ఫోన్లో డబ్బు కరుగుతుంది.

"మీ ఇంట్లో ఒకళ్లతో ఒకళ్లకి మాటల్లేవా?"
అన్నాడు ఖిమత్‌షో,
నా ఉప్పు టీలో తన రొట్టె ముంచుకుంటూ.
సర్వర్ల సంగతి తెలీదు వాడికి,
ముర్గాబ్ దాకా జీపు నడుపుతాడు.
ఏడిళ్ల పిండిబస్తాలు ఒక్క ట్రిప్పులో తెచ్చేవాడికి
ఏడు ట్రిప్పులు ఎందుకో ఎంత చెప్పినా ఎక్కదు.

ఆ రాత్రే ఒక ఫోల్డర్ తెరిచాను,
నాలుగు గోడలకీ ఒక్కో కన్నం పెట్టి.
మొదట వచ్చింది దింపుకుని అక్కడ పెట్టాలి,
తర్వాత వచ్చింది ముందు అక్కడ వెతకాలి.
అంతే. మూడు లైన్లు.

అంతే కాదు.
రెండు ఒకేసారి చెయ్యి పెట్టాయి.
సగం రాసిన ఫైలుని మూడోది
పూర్తిదనుకుని మింగి,
తెల్లవారుజామున మూడింటికి
చెక్‌సమ్ కలవలేదని ఎర్రక్షరాల్లో కక్కింది.
తాళం వెయ్యడం నేర్చుకున్నాను.
తాళం వేసిన మెషీన్ మధ్యలో చచ్చిపోతే
ఆ తాళం పగలగొట్టడం కూడా.
పంచుకోవడమంటే తలుపు తెరవడమే అనుకునేదాన్ని
అంతకుముందు.

మార్చిలో కొండ జారింది.
రుషాన్ దగ్గరెక్కడో తీగ తెగింది.
మూడో రోజు బడి నుంచి ఓదినామో వచ్చింది
చున్నీలో చుట్టిన హార్డ్ డిస్కుతో.
సోమవారం పిల్లల పరీక్షట,
ప్రోగ్రామ్ ఎక్కించాలంటే
ఇంకా పదమూడు ప్యాకేజీలు కావాలట.
"నీ దగ్గర ఉంటాయన్నారు"
అంది గుమ్మంలోనే నిలబడి,
తోడుకి గిన్నె పట్టుకొచ్చినట్టు.

పన్నెండు వెంటనే దొరికాయి.
పదమూడోది అట్టడుగున ఉంది.
నేనెప్పుడు దింపానా అని లాగ్ చూస్తే
నేను కాదు,
"పరీక్ష-రెండు".
డిస్కు చాలడం లేదని డిసెంబరులో
టీ తాగుతూ ఒక్క కమాండుతో చెరిపేసిన మెషీన్.
దాని పేరు ఆ ఒక్క వరసలో ఉంది,
తేదీతో, నిమిషంతో, సెకనుతో.
ఓదినామో చూస్తోందని
కాపీ కొట్టి ఇచ్చేశాను.

మంగళవారం డిస్కు తిరిగొచ్చింది.
వట్టిగా రాలేదు.
పైన కాగితంలో గుప్పెడు ఎండు మల్బరీ పళ్లు,
లోపల నా దగ్గర లేని ఫైలొకటి:
షుగ్నీ అక్షరాల ఫాంటు,
ఏ పిల్ల ఏ ఊళ్లో ఎప్పుడు దింపుకుందో.

పదో రోజు నెట్ వచ్చింది.
ఫాంటుకి చెక్‌సమ్ చూశాను. కలిసింది.
అప్పుడే ఫోల్డర్లో పెట్టాను.

పళ్లు మాత్రం
మంగళవారమే తినేశాం, నేనూ ఖిమత్‌షో,
ఏదీ చూసుకోకుండా.