కార్బన్ కాపీ

గుంటూరు కొత్తపేటలో రెండో అంతస్తు.
కింద మందుల షాపు, పక్కన ఎక్స్‌రే వాళ్లు.
పదకొండేళ్లు అక్కడ కూర్చుని బిల్లులు రాశాను.
తెల్లది వాళ్లకి, పసుపుది మాకు,
నడుమ నీలం కార్బను.
అన్నం కలుపుకునేటప్పుడు చూస్తే
వేళ్ల చివర్లు ఎప్పుడూ అదే రంగు.

పాస్టరు ఆశీర్వాదం గారు కొడుకుని తీసుకొచ్చింది మార్చిలో,
యార్డులో కాయ దిగే రోజులు.
మెట్లెక్కే వాళ్లంతా తుమ్ముతూనే ఎక్కేవాళ్లు.
ఊరికి కొత్తవాళ్లు జబ్బేమో అని హడలిపోతారు.
మేం నవ్వుతాం: ఏం లేదండీ, గాల్లో ఘాటు.

పిల్లాడి పేరు నిరీక్షణ కుమార్. ఇరవై రెండేళ్లు.
నలభై రోజుల ఉపవాస ప్రార్థన అప్పటికే అయిపోయింది.
చొక్కా మెడకి అభిషేకం నూనె మరక.
దయ్యం బయటికి రావాలని అరిపించి అరిపించి
గొంతు పోగొట్టారు.
దయ్యం రాలేదు, నెత్తురు జీర వచ్చిందట.

రోగం ఏంటండీ, అని అడిగాను.
బిల్లులో దానికో గడి ఉంది మరి.
ఆయన అధ్యాయం, వచనం చెప్పాడు.
లోపల్నించి డాక్టరు అన్నాడు:
ఖాళీగా వదిలెయ్యమ్మా.

పన్నెండు వందలు, వారానికి రెండుసార్లు.
అన్నీ పది రూపాయల నోట్లే,
కానుకల సంచిలో నలిగి మెత్తబడ్డవి.
లెక్కపెట్టడానికి చాలాసేపు పట్టేది.
ఆ గది తలుపు మూయగానే
టీవీ సౌండు పెంచమనేవాడు డాక్టరు.
నేనే పెంచేదాన్ని.
లోపల ఏం జరిగేదో నాకు తెలియదు అని
ఇంట్లో ఒకసారి చెప్పాను.
తెలుసు.
ఫోటో, వైరు, మళ్లీ ఫోటో.
ఎంత పెంచితే వినబడదో
రిమోటు మీద బొటనవేలుకి కూడా తెలుసు.

ఆదివారం అదే మందిరంలో
ఆడవాళ్ల వైపు మూడో వరస నాది.
ఆయన చేతులెత్తి స్వస్థత, స్వస్థత అంటే
అందరితో పాటు ఆమెన్ అన్నాను.
కుర్రాడు డ్రమ్ము ముందు కూర్చుని ఉన్నాడు,
పుల్లలు ఒళ్లో పెట్టుకుని.

మెట్ల కింద ఒకడు ఎదురుచూస్తుండేవాడు, మస్తాన్‌వలి.
యార్డులో కాటా దగ్గర పని.
వాడి కనుబొమల్లో కూడా కారప్పొడి.
"అక్కా, ఈ మందుతో తగ్గుద్దా?"
ఏం తగ్గాలయ్యా?
చాలాసేపు చెప్పుల వంక చూసి,
"నేను" అన్నాడు.

ఒకరోజు ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది.
ఇది వైద్యం కాదు, చేస్తే తప్పు అని.
డాక్టరు రెండుసార్లు చదివి
బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు,
వేంకటేశ్వరస్వామి క్యాలెండరు పక్కన.
రేపట్నుంచి చికిత్స అని రాయకు,
కౌన్సెలింగ్ అని రాయి, అన్నాడు.
రేటు మారలేదు. సౌండూ మారలేదు.

వానాకాలం మొదట్లో నిరీక్షణ ఒక్కడే వచ్చాడు.
పసుపు కాగితాలు కావాలన్నాడు.
గొంతు పూర్తిగా తిరిగి రాలేదు, గాలి కలిసిన మాట.
"నాన్నని ఏమీ అనొద్దు.
నన్ను కాపాడుతున్నాననే అనుకున్నాడు."
ఇద్దరం తుమ్మాం. సీజను కూడా కాదది.
పద్నాలుగు కాగితాలు చింపి ఇచ్చాను.
మీరొచ్చి చెప్తారా అని అడిగాడు.
చెప్తాననలేదు. రాననీ అనలేదు.
ఫోను మోగింది, ఎత్తాను.

ఆ కేసులకి వేరే పుస్తకం ఉండేది.
వాడేసిన కార్బను ఒకటి సంచిలో వేసుకుని
ఉద్యోగం మానేశాను.
వెలుతురుకి పెట్టి చూస్తే
పేరు మీద పేరు, తేదీ మీద తేదీ,
గీతలు గీతలుగా వెలిసిపోయి ఉంటుంది.
రోగం గడి దగ్గర మాత్రం
కొత్త కార్బనంత నీలం.

రేపు విజయవాడలో విచారణ.
ఏడింటి బస్సుకి పోతే మంగళగిరి దాటేసరికి ఎనిమిది.
ఏం చెప్తావే అని మా ఆయన అడుగుతున్నాడు.
సౌండు సంగతి
ముందు చెప్పాలా, చివర్లోనా?