జీరో టికెట్టు

"మీరిద్దరు పోరాండ్రి" అన్నడు ఆయన.
"నా ఒక్కని పోను రాను టికెట్టు పైసల్తోని
పాపకు పాలడబ్బొకటి ఒస్తది."
లెక్క సరిగ్గనే ఉన్నది. ఎదురు చెప్పలె.

సంచిల మూడు డైపర్లు:
పోవుడుకొకటి, రావుడుకొకటి,
ఆపతికొకటి.

హన్మకొండ బస్టాండ్ల ఇంక లైట్లు ఆర్పలె.
కండక్టరమ్మ ఆధార్ కార్డు అడిగింది.
అండ్ల నేను పెండ్లికి ముందటి మనిషిని,
చెవులకు పెద్ద రింగులు, కండ్లకింద నలుపు లేదు.
కార్డును చూసి, నన్ను చూసి, పాపను చూసి
ఏమనుకున్నదో, మిషిన్లకెల్లి చిట్టి చింపి ఇచ్చింది.
రూపాయల కాడ సున్న.
పాపకు ఆ సున్న గూడ లేదు.

హుజూరాబాద్ దాటినంక బస్సుల కాలు వెట్ట సందు లేదు.
"ఆడోళ్లకు ఫిరి వెట్టిన కాంచి
కూసుందామంటె జాగ దొరకది" అని
ఓ పెద్దమనిషి రాడ్డు వట్టుకొని గులుగుతనే ఉన్నడు.
గులుగుకుంటనే
మూల మలిగినప్పుడల్ల పాప తలకాయకు
చెయ్యి అడ్డం వెట్టిండు.

ఫ్లాస్కు మూత తీద్దామంటె చెయ్యి ఖాళీ లేదు.
"ఇటియ్యి" అన్నది పక్కసీటామె.
ఆమె ఒళ్లకెల్లి ఇంకో ఒడి, ఆడ్నుంచి ఇంకోటి,
పాప డ్రైవరు ఎనుక సీటు దాంక పోయింది.
నాకు గుండె గుబగుబ.
పాలు కలిపి తలెత్తేసరికి
చేతులెంబడి చేతులు దాటుకుంట తిరిగొస్తున్నది,
అరికాలికి ఎవలిదో కాటుక చుక్క,
పిడికిట్ల ఎవలి కొప్పులదో
నలిగిన బంతిపువ్వు.

కరీంనగర్ల బస్సు మారాలె.
అందరు కిటికీలకెల్లి దస్తీలు ఏస్తున్నరు.
నేను డైపర్ల సంచి ఏసిన.
దాన్ని జరిపి ఎవలు గూసుంటరు?

కోరుట్లల పోసవ్వత్త
చాట ముంగట్నుంచి మోకాళ్లు వట్టుకొని లేసింది.
మా నాయిన చెల్లె.
నా డిగ్రీ ఫీజు ఈ చాటల చుట్టిందే,
ఎన్ని బీడీలో నేను ఎన్నడు లెక్కవెట్టలె.
పాపను ఇయ్యబోతె చేతులు ఎనుకకు దాసుకున్నది.
"ఆగు బిడ్డ, తంబాకు వాసన."
సబ్బు వెట్టి కడిగింది. బూడిద వెట్టి కడిగింది.
వాసన జూసుకొని మల్ల సబ్బు.
ఏడు నెలల సంది ఎదురుచూసిన చేతులు
ఇంకో ఐదు నిమిషాలు
బోరింగు కాడనే నిలవడ్డయి.

"పేరేం వెట్టిండ్రు?"
"ఇవాంశి."
"ఇవాం... నా నోరు తిరుగది గని
నేనైతె మల్లవ్వ అంట."
పాప గా పేరుకే మర్రి సూసింది.
చిన్నబాపులు, ఒదినెలు, అర్రల ఉన్న ముసలవ్వ
అందరు ఒక్కతీరుగ నవ్విండ్రు.

"గింత ఎండల గీ ప్లాస్టికు చెడ్డి ఏందే,
పిల్ల ఉడికిపోతది" అని ఊడదీసి అవుతల పారేసింది.
గడియసేపటికి
కత్తిరించి పేర్చిన తునికాకు మీద
మల్లవ్వ పని కానిచ్చింది.
ఎవలు మాట్లాడలె.
"ఎట్లయిన తడుపుడేనాయె ఆకు,
ఇయ్యాల ఇది తడిపింది" అని అత్త పకపక నవ్వింది.
నవ్వుకుంటనే పాడైన ఆకు ఏరి పక్కకు వెట్టింది.
ఆ రాత్రి బల్బు కింద
ఎంతసేపు ఎక్కువ కూసున్నదో
నేను పండుకున్నట్టు జేసి సూసిన.

ఎల్లెటప్పుడు
తన మెత్తటి పాత చీర చింపి
పన్నెండు గుడ్డలు మడతవెట్టి ఇచ్చింది.
ఆపతి డైపరు సంచిల అట్లనే ఉన్నది.

తిరుగు బస్సుల పాప నా చేతిలకెల్లి చిట్టి గుంజింది.
నేను సూసేసరికి సగం నోట్లె.
గంగాధర కాడ చెకింగాయిన ఎక్కిండు.
తడి ముక్కను అరచేతిల పరిచి చూపిన.
తారీకు పోయింది, ఊరి పేర్లు పోయినయి,
సున్న ఒక్కటి మిగిలింది,
కొంచెం ఒంకరగ.
పాల వాసన, ఎక్కడ్నో తంబాకు వాసన.
ఆయన దాన్ని ముట్టుకోలె.
"పిల్లకు గాలి తగలనియ్యమ్మా" అనుకుంట
ముంగటి సీటుకు పోయిండు.