ఒకటి నుంచి ఐదు దాకా

పెన్సిలే. పెన్నుకి ఈ తడి పడదు.
ఈలీ ఊరి చివర పడవల రేవులో
మడతకుర్చీ వేసుకుని, దోమల మందు పూసుకుని,
ఒళ్ళో కాగితాల కట్టతో
జూన్ నెలంతా ఇదే నా కొలువు.

వచ్చినవాళ్ళని వచ్చినట్టు అడగాలి:
గడచిన పన్నెండు నెలల్లో ఎన్నిసార్లు ఆరుబయట గడిపారు?
పడవా, నడకా, వేటా, గాలమా?
ప్రకృతి అంటే మీకెంత పట్టింపు?
ఒకటంటే బొత్తిగా లేదు,
ఐదంటే ప్రాణం.

షికాగో జంట. కారు నెత్తిన రెండు కయాకులు,
కారుకన్నా అవే మెరుస్తున్నాయి.
ప్రశ్న పూర్తి కాకుండానే "ఐదు" అన్నాడతను.
"ఆరు లేదా?" అందామె.
ఆరుకి గడి లేదు. నవ్వి ఊరుకున్నాను.
ఈ నిశ్శబ్దం కోసం పది గంటలు నడిపి వచ్చారట.
నిశ్శబ్దం అనేటప్పుడు ఇద్దరూ గొంతు తగ్గించారు,
గర్భగుడి ముందు నిలబడ్డట్టు.
ఇంజను మాత్రం ఆగలేదు,
లోపల కుక్కకి చల్లగా ఉండాలి.
నాకు వాళ్ళు నచ్చారు, అది కూడా చెప్పాలి.
నీళ్ళు చూడగానే ఆమె కళ్ళు నిండాయి.
అబద్ధపు ఐదు కాదది.

తర్వాత వెర్నా కోస్కి.
డెబ్భై ఒకటి. సొట్టలు పడ్డ అల్యూమినియం పడవ,
దాని వయసు తనకే గుర్తు లేదు.
ఏడాదికి ఎన్నిసార్లంటే
"రానిరోజులు అడుగు, లెక్క తేలిక" అంది.
పట్టింపు?
ముక్కు తుడుచుకుని చాలాసేపు ఆలోచించింది.
"రెండు వేసుకో.
గని తెరుస్తామంటే నా ఓటు గనికే,
మనవడికి పని కావాలి.
ఆ బ్యాగులేసుకొచ్చేవాళ్ళలాగా
చెట్లతో మాట్లాడటం నాకు రాదు."

రెండు వేశాను.
ఆవిడ పొదలోకి వంగి
ఎవరో తెంపి వదిలేసిన గాలం దారం లాగి
అరచేతికి చుట్టి చుట్టి
కోటు జేబులో కుక్కింది.
జేబు అప్పటికే ఉబ్బి ఉంది.
"రోజూ ఏరతారా?"
"ఏరడమేమిటి, కాళ్ళకి చుట్టుకోదూ?"
ఎవరి కాళ్ళకో చెప్పలేదు.

పడవ ఎక్కుతూ, అడగకపోయినా, అంది:
ఒక వసంతంలో ఈ ఒడ్డునే
మెడ ఎత్తలేని లూన్ పక్షి దొరికింది,
కడుపు కోస్తే సీసపు గుండు.
"నాది కాకపోవచ్చు.
నాదే కావచ్చు.
అప్పట్నించి తగరం కొంటున్నా. ధర మండిపోతోంది."

కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను.
దీనికీ గడి లేదు.

సాయంత్రం అంకెలన్నీ కంప్యూటరుకి ఎక్కిస్తే
తెర మీద చుక్కలే చుక్కలు.
ఎన్నిసార్లు వెళ్ళారో అడ్డంగా,
ఎంత పట్టింపో నిలువుగా.
మధ్యలో ఒక గీత, లేచీ లేవనట్టు.
"సంబంధం ఉంది, బలహీనం" అన్నారు ప్రొఫెసర్ గారు.
నాకు మాత్రం పొద్దున్నే చుక్కలు పెట్టి
ఏ ముగ్గో మర్చిపోయినట్టుంది.
అడుగున దూరంగా ఒంటిచుక్క ఒకటి:
మూడు వందల నలభై, రెండు.
"ఇలాంటివి తీసేస్తాం" అన్నారాయన.
తలూపాను.

ఆ రాత్రి నాకు నేనే ఒక కాగితం నింపుకున్నాను.
ఎన్నిసార్లు? పంతొమ్మిది. అన్నీ జీతానికే.
పట్టింపు దగ్గర ఐదు వేసి,
పూటకొకటి పారేసిన థర్మోకోల్ టీ కప్పులు గుర్తొచ్చి,
చెరిపి, నాలుగు వేసి,
చెరిపి.
కాగితం ఆ చోట పల్చబడింది.

పొద్దున మళ్ళీ రేవు.
పొద కొసన కొత్త దారం,
ఎండకి సాలీడు పోగులా మెరుస్తూ.
నాలుగడుగుల దూరం.
కుర్చీలోంచి సగం లేచాను.

కారొచ్చి ఆగింది.
కూర్చుని, పెన్సిలు నాలిక్కి తడిపి
అడిగాను:
గడచిన పన్నెండు నెలల్లో...