పదిహేడు

నా చేతిల ఉన్న మిషన్‌కు
ఒక్క సంగతే ఎరుక.
గుప్పెడు వడ్లు పోసి మూత తిప్పితే
తేమ ఎంతో అంకె జెప్తది.
పదిహేడు దాటితే కాంటా లేదు.

తిప్పర్తి రోడ్డు పొంటి నలభై కుప్పలు.
సైదులు కుప్పకు ఇది పదకొండో రోజు.
పొద్దుగాల ఆరబోసుడు, మాపటికి దగ్గరికి నూకుడు.
నిన్న పద్దెనిమిదిన్నర.
"ఒకటిన్నర ఏందక్కా,
ఉమ్మేస్తే ఆరిపోయేంత" అన్నడు.
నవ్విన. రాసుకోలే.

ఆ ఎండ జూడాలె.
నల్లా తిప్పితే చాయకు కాగిన నీళ్లు.
హమాలీ సుగ్రీవ్ మాంఝీ
సెల్లుల దేశం పటం జూపెట్టిండు.
రాజస్థాన్ కాడికెల్లి మన దాక
పొయ్యి మీది పెంక లెక్క ఎర్రగ.
బిహార్ల వాళ్లూరి మీద మాత్రం
చిన్న పసుపుపచ్చ మెరుపు బొమ్మ.
"అమ్మకు ఫోన్ కలుస్తలేదు" అన్నడు,
మళ్ల సంచి నెత్తికెత్తుకున్నడు.

నాలుగు గొట్టంగ గాలి ఆగింది.
కుక్కలు లారీ కిందికి పోయినయ్.
పడమటి దిక్కు మొగులు
మాడిన జొన్నరొట్టె రంగుల.
ఎవరో "పట్టాలూ" అని ఒర్లిన్రు.
ఉరుము కంటె ముందు ఆ మాట ఉరికింది.

పట్టాలు ఇరవై రెండు. కుప్పలు నలభై.
ఓట్లప్పటి ఫ్లెక్సీలు గుంజుకొచ్చిన్రు,
దండం పెట్టే చేతులు
వడ్ల మీద బోర్ల పడ్డయ్.
పెండ్లి షామియానా, మంచం మీది దుప్పటి.
అంచు మీద పెట్ట రాయి దొరకక
సైదులు పెండ్లాం జానమ్మ
తానే అడ్డంగ పండింది.

రాళ్లవాన ఇరవై నిమిషాలు.
రేకుల మీద ఆ చప్పుడుకు
నేను పిలిచిన పిలుపు నాకే ఇనబడలే.

తర్వాత
వడ్లు పోతున్నయ్ రోడ్డు దాటి, మోరీలకు.
బంగారం లెక్క అనను.
వడ్లు వడ్ల లెక్కనే పోతున్నయ్.
సుగ్రీవ్ తట్ట పట్టుకోని
మోకాలెత్తు నీళ్లకు అడ్డం నిలబడ్డడు.
ఆయనవి కావు.

తెల్లారి మళ్ల అదే ఎండ.
మొన్నటిదాక తిట్టిన నోళ్లే
"ఇంకింత కాయి సామీ" అని బతిమాలుతున్నయ్.
రాత్రి మళ్ల పడ్డది.
నడుమ సుగ్రీవ్ సెల్లు మోగింది.
అమ్మ మంచిగున్నది,
బర్రెను పిడుగు తీస్కపోయిందని
సంచి కుట్టే దబ్బనం దేవులాడుకుంట జెప్పిండు.

మూడో నాడు సైదులు కుప్పల చెయ్యి పెట్టిన,
మోచేతి దాక.
లోపల
జరమొచ్చిన పిల్లగాని ఒళ్లు.
గుప్పిట ఇప్పితే
తెల్లగ, గోరంత, మొలకలు.
గింజలదేం తప్పున్నది.
తడిస్తే మొలవాలె, వాటికొచ్చిన పని అదొక్కటే.

మిషన్ల పోసిన.
ఇరవై ఆరు.
సైదులు అంకె దిక్కు జూస్తలేడు,
నా మొకం దిక్కు జూస్తుండు.
పుస్తకంల కాయిదాలు
ఒకదానికొకటి అంటుకపోయినయ్,
ఇప్పబోతే చినుగుతున్నయ్.